దొరగారు కూర్చున్న ఆదివారం

"ఒక్క వాక్యం చాలు ఆస్గుడ్ గారూ," అంది రోజలిండ్ పెటిఫర్, కాగితం బల్ల మీద పరిచి పెన్ను మూత తీస్తూ. "కుర్చీ ఎలా విరిగింది? ఒకే ఒక్క వాక్యం. కాకపోతే అది నిజమై ఉండాలి."

"ఒక్క వాక్యమేనా?" విల్ఫ్ ఆస్గుడ్ చేతిలోని బీరు గ్లాసు వంక జాలిగా చూశాడు. "మేనేజరమ్మా, మూడొందల ఏళ్ల కుర్చీ అది. ఒక్క వాక్యంలో తేల్చేస్తే దానికి అవమానం కాదూ?"

బారు దగ్గరున్నవాళ్లు పకపకా నవ్వారు. రోజలిండ్ నవ్వలేదు.

'కుంటి బాతు' ఆ ఊరికున్న ఒకే ఒక్క పబ్బు. ఎల్లర్స్‌బీ హాలు అనే, జనం టికెట్టు కొని చూసే పాత దొరల భవంతి పెద్ద గేటు దాటి, గొర్రెలు మేసే గట్టు వెంబడి పది నిమిషాలు నడిస్తే వస్తుంది. ఆ రోజు అక్టోబరు చివరి ఆదివారం. ఆ రోజుతో హాలు ఆ ఏటికి మూత. రేపట్నుంచి కిటికీ తలుపులు బిగించి, బల్లలకీ మంచాలకీ తెల్ల దుప్పట్లు కప్పి, వసంతం దాకా ఇంటినంతటినీ నిద్రపుచ్చుతారు. చివరి రోజు తలుపులు మూశాక గదుల కాపలావాళ్లంతా పబ్బుకొచ్చి తలో గ్లాసూ పట్టుకోవడం ఆనవాయితీ. ఈసారి మేనేజరు కూడా వచ్చింది. బీరు తాగడానికి మాత్రం కాదు.

నాలుగింటికి ఆమె గదులు సర్దుకుంటూ వెళ్తే నీలం గదిలో, ఆ ఇంటి తొలి యజమాని మొదటి ఎర్ల్ దొరగారి బంగారు పూత కుర్చీ ముందుకాలు విరిగి ఒరిగి ఉంది. ఆ గదికి పందొమ్మిదేళ్లుగా కాపలా విల్ఫే. ఆరింటికి హాలుని నడిపే బోర్డు అధ్యక్షురాలికి ఫోన్ చేసి ఈ కాగితం చదివి వినిపించాలి. కింద 'బాధ్యులు' అని ఒక గడి ఉంది, అందులో ఒక పేరు పడాలి. పురాతన వస్తువు పాడుచేసిన కాపలాదారు మళ్లీ గడప తొక్కకూడదు, అది హాలు రూలు. జీతం లేని కొలువే. అయినా రోజలిండ్ లోపలికి అడుగు పెట్టగానే పబ్బు నడిపే హెస్టర్ టీ తెచ్చి పెడుతూ చెవిలో చెప్పింది.

"ఆ గది తప్ప ఆయనకి ఇంకేం లేదమ్మా. చలికాలమంతా క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంటాడు, తలుపులు ఎప్పుడు తెరుస్తారా అని. కాస్త చూడు."

చూడ్డానికే వచ్చింది రోజలిండ్. ఈ ఉద్యోగంలో చేరి ఆరు వారాలైంది. ఆర్నెల్లు పనితీరు చూసి అప్పుడు ఖాయం చేస్తామన్నారు. ఈ ఆరు వారాల్లో బోర్డు మెచ్చుకునే పనులు చాలానే చేసింది: వచ్చినవాళ్లు వస్తువుల దగ్గరికి పోకుండా కట్టే తాళ్లు సరిచేయించింది, వస్తువుల పేర్లకి కొత్త చీటీలు రాయించింది, ప్రతి గదిలోనూ రెండేసి స్టూళ్లుంటే ఫొటోల్లో అడ్డంగా ఉన్నాయని ఒక్కోటి తీయించి గుర్రపుశాలలో వేయించింది. బోర్డుకి ఆ ఫొటోలు తెగ నచ్చాయి.

ఆమెకి అంతుపట్టనిది ఒకటుంది. ఆ కుర్చీ మీద రోజూ పొద్దున ఒక ముళ్లకాయ పెడతారు. ఇలాంటి పాత హాళ్లన్నిట్లో అదే పద్ధతి. కూర్చోరాదని రాసి పెడితే ఎవడూ చదవడు, చదివినవాడు ఆగడు. ఎండిన ముళ్లకాయ ఒకటి సీటు మధ్య పెడితే ఎంతటివాడైనా ఆగుతాడు. గుప్పెడంత ఉంటుంది, ఒళ్లంతా సన్నటి కొక్కేలు. పూర్వం ఉన్నిబట్టకి నూగు లేపడానికి నేతగాళ్లు వాడిందీ ఆ కాయనే. ఈ సాయంత్రం కుర్చీ కింద, రగ్గు మీద, తెర వెనక, ఎంత వెతికినా అది కనబడలేదు. ఈ మనిషి నోటి నుంచి ఒక్క నిజం రాబట్టకుండా ఇక్కణ్ణుంచి లేచేది లేదని రోజలిండ్ గట్టిగా అనుకుంది.

"సరే, రాసుకోండి," విల్ఫ్ బారుకి వీపు పెట్టి నిలబడి గొంతు సవరించుకున్నాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, మోకాళ్ల దాకా వచ్చే ఊలు కోటు. కథ చెప్పేటప్పుడు కూర్చోవడం ఆయన ఇంటా వంటా లేదు. "పదకొండింటికి గ్రిమ్స్‌బీ నుంచి బస్సొచ్చింది. పచ్చికలో బంతులు దొర్లించే క్లబ్బువాళ్లు, ముప్ఫై ఇద్దరు. వాళ్లలో ఒక ముసలావిడ, నీలం టోపీ, మొహం పాలిపోయి తలుపు పట్టుకుని నిలబడింది, ఆవిణ్ణి వదిలెయ్యండి, ఆవిడకీ కథకీ ఏం సంబంధం లేదు, వాళ్లలో ఒక మాంసం కొట్టువాడున్నాడు. మనిషా వాడు! గుమ్మంలోంచి నేరుగా పట్టక పక్కకి తిరిగి వచ్చాడు. రాగానే దొరగారి కుర్చీ మీద కన్నేశాడు. నాకు తెలిసిపోయింది. పందొమ్మిదేళ్ల అనుభవం కదా, ఎవడికి కూర్చోవాలనుందో వాడికంటే ముందు నాకు తెలుస్తుంది. ఒక్క చూపు చూశాను. చెమటలు పట్టి వెనక్కి తగ్గాడు."

"అంతేనా?" అన్నాడు క్లెమ్ నీరసంగా. ఎనభై ఏళ్ల గొర్రెల కాపరి. గొర్రె కాలికి తగిలించి లాగే కొక్కెం కర్ర పబ్బులో కూడా చేతిలో ఉండాల్సిందే.

"అంతే అయితే కుర్చీ ఎందుకు విరుగుతుందయ్యా? తగ్గినట్టే తగ్గి, నేనటు తిరగ్గానే ఒక్క అంగలో తాడు దాటేశాడు! వంగుతున్నాడు. నేనెక్కడున్నాను? గదికి ఆ చివర. మధ్యలో పియానో, నాలుగు చైనా కూజాలు, ముప్ఫై గజాల రగ్గు. హాల్లో పరిగెత్తకూడదు, రూలు రూలే. కాబట్టి నడిచాను. కానీ ఎలా నడిచాను! నేను పక్కనుంచి పోతుంటే కూజాల్లో పువ్వులు ఇటు తిరిగాయి. వాడి వెనక భాగానికీ సీటుకీ మధ్య జానెడు సందు ఉందనగా, ఇదిగో, ఈ అరచెయ్యి అడ్డం పెట్టాను."

"మాంసం కొట్టువాడి కింద?" అంది ఈడ్నా. ఆవిడ నీలం గది పక్కనున్న భోజనాల గదికి కాపలా. పదేళ్లుగా విల్ఫ్ చెప్పేవన్నీ గోడ అవతలి నుంచి వింటోంది.

"వాడి కిందే. క్వింటాలున్నర మనిషిని ఒంటి చేత్తో ఆపాను. గడియారం పావుగంట కొట్టింది, అరగంట కొట్టింది, నా చెయ్యి వెంట్రుకవాసి దిగలేదు. రెండో చేత్తో వచ్చినవాళ్ల టికెట్లు చూస్తూనే ఉన్నాను."

"టికెట్లు చూసేది పెద్ద గుమ్మం దగ్గర కదా? నీ గదిలో నీకెవరు చూపిస్తారు?"

"ఈ రోజు చూపించారు!"

"నేను పక్క గదిలోనే ఉన్నాను. నాకే మాంసం కొట్టువాడూ కనబళ్లేదు."

"నువ్వు నిద్రపోతున్నావు ఈడ్నా."

"నేను కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నాను!"

మళ్లీ నవ్వులు. రోజలిండ్ కాగితం మీద 'గ్రిమ్స్‌బీ' అని రాసి, కొట్టేసింది. "ఆస్గుడ్ గారూ, కుర్చీ అప్పుడు విరిగిందా?"

"నేనుండగానా? విరగనిస్తానా! ఆ తర్వాత ఏమైందో వినండి. వాడి పెళ్లాం చూసింది. సిగ్గులేదూ లే అని చెయ్యి పట్టి లాగింది. వాడి బరువుకి తనే వచ్చి వాడి ఒళ్లో పడింది. ఆవిణ్ణి లాగబోయి వాళ్ల క్లబ్బు సెక్రటరీ పడ్డాడు. సెక్రటరీని లాగబోయి కోశాధికారి. ఒకళ్ల మీద ఒకళ్లు, ముప్ఫై ఇద్దరూ! అందరూ ఎవరి మీద? నా అరచేతి మీద. నా మడమలు రగ్గులోంచి చెక్కలోకి దిగిపోయాయి..." అని చటుక్కున ఆగాడు. "రగ్గుకేం కాలేదు. అది రాసుకోకండి."

"ముప్ఫై ఇద్దరా?" అన్నాడు క్లెమ్. "నా కంచర గాడిద కూడా అంత మొయ్యదు."

"నీ గాడిదకి దొరగారి కుర్చీ మీద గౌరవం లేదు క్లెమ్. నాకుంది."

ఆ మాట మాత్రం ఎందుకో గట్టిగా, కోతలా కాకుండా వచ్చింది. రోజలిండ్ తలెత్తి చూసింది. అప్పుడే కనబడింది ఆమెకి, క్లెమ్ ఆ కొక్కెం కర్రని మెల్లగా విల్ఫ్ వెనక్కి చాపి దేన్నో అందుకోబోతున్నాడు. హెస్టర్ కళ్లతోనే 'ఇంకొంచెం ఎడమకి' అంటోంది. ముసలివాళ్ల వేళాకోళం అనుకుని రోజలిండ్ గడియారం వైపు చూసింది. అయిదుంపావు.

"ఆస్గుడ్ గారూ, నాకు ఆరింటి దాకానే టైముంది. తర్వాత పేరు లేకుండా ఫోన్ చెయ్యలేను. మీరు చెప్పకపోతే ఆ గడిలో ఏ పేరు పడుతుందో మీకు తెలుసు."

విల్ఫ్ గ్లాసులోంచి ఒక్క గుక్క తాగి, మూతి తుడుచుకుని, గడ్డం ఇంకాస్త పైకెత్తాడు. తగ్గే మనిషి కాదు.

"తెలుసు. అందుకే అంతా వివరంగా చెబుతున్నాను. ఇంకా అసలు సంగతికి రాలేదు. అక్టోబరు కదా ఇది? తోటలో మగ దుప్పులు పిచ్చెక్కి తిరిగే రోజులు కదా? ముప్ఫై ఇద్దరు ఒక్కసారి కేకలు పెట్టేసరికి పెద్ద దుప్పి, ఆ పద్నాలుగు కొమ్మల కొమ్ములది, తనతో పోటీకి ఇంకో దుప్పి వచ్చిందనుకుంది. తోటవైపు అద్దాల తలుపు తెరిచే ఉంది, అద్దం పగల్లేదు, ఒక్క దూకున లోపలికొచ్చింది! తల ఇలా పెట్టి..."

విల్ఫ్ గ్లాసు బారు మీద పెట్టేశాడు. రెండు చేతులూ తల మీద కొమ్ముల్లా పెట్టుకుని, నడుం వంచి, బుస కొడుతూ గిర్రున ఒక చుట్టు తిరిగాడు. కోటు అంచు ఎగిరింది.

బారు దగ్గర ఒక్కసారిగా నవ్వు ఆగిపోయింది. హెస్టర్ తుడుస్తున్న గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. క్లెమ్ కర్ర గాల్లోనే ఉండిపోయింది.

రోజలిండ్ చూసేసింది. విల్ఫ్ కోటు వెనక, సరిగ్గా కూర్చునే చోట, ముళ్లకాయ అంటుకుని వేలాడుతోంది.

మొదట ఆమెకి గెలిచినట్టనిపించింది. పెన్ను కాగితం మీదికి దిగింది కూడా. 'కాపలాదారే కూర్చున్నాడు.' ఒక్క వాక్యం, అదీ నిజం. కానీ పందొమ్మిదేళ్లుగా ఆ ముళ్లకాయ తన చేత్తో పెట్టిన మనిషి, దాని మీదే కూర్చున్నాడంటే నమ్మడం ఎలా? ఎందుకు కూర్చున్నాడు? అది తెలియకుండా రాస్తే సగం నిజమే అవుతుంది. సగం నిజం కోసం కాదు తనింత దూరం వచ్చింది.

"క్లెమ్ గారూ," అంది నెమ్మదిగా, "ఆ కర్ర కాస్త కింద పెడతారా?"

క్లెమ్ కర్ర కింద పెట్టాడు. హెస్టర్ మొహం వాడిపోయింది. విల్ఫ్ ఒక్కడికే ఏమీ తెలియదు. రొప్పుతూ నిటారుగా నిలబడ్డాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. మోచెయ్యి బారు మీద ఆనించుకున్నాడు.

"చెప్పండి," అంది రోజలిండ్. "దుప్పి వచ్చింది. తర్వాత?"

ఇంత శ్రద్ధగా మేనేజరు అడిగేసరికి విల్ఫ్‌కి ఎక్కడలేని హుషారూ వచ్చేసింది.

"తర్వాతా! దుప్పి కొమ్ములు పోయి పోయి పైన వేలాడే షాండిలియర్ దీపాల గుత్తిలో ఇరుక్కున్నాయి. తల విదిలించింది. గొలుసు తెగింది. నూట నలభై నాలుగు గాజు బొట్లు, మేనేజరమ్మా, వెనిస్ నుంచి ఓడలో వచ్చినవి, తిన్నగా నేల మీదికి. నాకా, ఒక చేతిలో ముప్ఫై ఇద్దరు, ఒక చేతిలో టికెట్లు. ఏం చెయ్యాలి? పళ్లతో పట్టుకున్నాను."

"ఏ పళ్లు విల్ఫ్?" అంది హెస్టర్. "పోయిన క్రిస్మస్‌కి మాంసం కూరిన రొట్టె తింటూ నా పళ్లెంలో వదిలేశావు, ఆ పళ్లేనా?"

"అవే! కట్టుడు పళ్లు కాబట్టే ఆగాయి. సొంత పళ్లయితే ఎప్పుడో ఊడి చేతిలోకొచ్చేవి. ఒక్క గాజు బొట్టు రాల్లేదు. కావాలంటే రేపు లెక్కపెట్టుకోండి. ఇప్పుడు చూడండి నా పరిస్థితి: అరచేతిలో గ్రిమ్స్‌బీ, నోట్లో షాండిలియర్, మీద దుప్పి. అయినా కుర్చీ? చెక్కు చెదర్లేదు! అప్పుడు గోడ మీంచి ఎవరో గొంతు సవరించుకున్నారు."

"ఎవరూ?" అన్నాడు క్లెమ్. భయంలో కూడా అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఇంకెవరు? దొరగారు. మొదటి ఎర్ల్. నిలువెత్తు బొమ్మ ఉందిగా, ఎడమ కాలు ముందుకు పెట్టి, చెయ్యి నడుం మీద వేసి. 'భేష్ ఆస్గుడ్' అన్నారు. అని చట్రం దాటి, ముందు ఒక బూటు, తర్వాత ఒక బూటు, కిందికి దిగారు. దుప్పి మోకాళ్ల మీద కూలబడింది. ముప్ఫై ఇద్దరూ లేచి టోపీలు తీశారు. నేను షాండిలియర్ పక్కన పెట్టి వంగి దండం పెట్టాను. దొరగారు నా భుజం మీద చెయ్యేసి ఏమడిగారో తెలుసా? 'ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నావు ఆస్గుడ్?' 'ఒంటిగంట నుంచి దొరా.' 'నేను మూడొందల ఏళ్ల నుంచి నిలబడే ఉన్నానయ్యా' అన్నారు."

విల్ఫ్ ఆగాడు. ఈసారి గ్లాసు అందుకోలేదు.

"మీకు తెలుసా మేనేజరమ్మా, నిలబడటం అంటే ఏమిటో? మొదటి గంట ఏమీ అనిపించదు. రెండో గంటకి మడమల్లో మొదలవుతుంది. మూడో గంటకి మోకాళ్లు మన మాట వినవు. పరువు పోతుందని గోడకి కూడా ఆనుకోం. ఎదురుగా కుర్చీ. పొద్దున్నుంచి దాన్నే చూస్తూ ఉంటాం. ఎంత బంగారం పూస్తేనేం, కూర్చోవడానికే కదా చేశారు దాన్ని." ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "అని దొరగారన్నారు."

పొయ్యిలో కట్టె చిటపటమంది.

"కూర్చున్నారా?" అంది రోజలిండ్.

"ఆయన కుర్చీ, ఆయనిష్టం. ఆపడానికి నేనెవర్ని? కూర్చున్నారు. ఫట్! ముందుకాలు. పాపం, సిగ్గుతో మళ్లీ బొమ్మలోకి దూరిపోయారు. రేపు చూడండి, బుగ్గలు ఇంకా ఎర్రగానే ఉంటాయి. ఇక రాసుకోండి. బాధ్యులు: మొదటి ఎర్ల్. ఆయన్ని రావద్దనడానికి మీ బోర్డుకి కూడా చేతకాదు. ఇల్లే ఆయనది!"

చెప్పడం అయిపోయింది. మామూలుగా అయితే ఇక్కడ చప్పట్లు పడాలి. పడలేదు. విల్ఫ్ అయోమయంగా అటూ ఇటూ చూశాడు.

"ఒక చిన్న అనుమానం," అంది రోజలిండ్. "సీటు మీద ముళ్లకాయ ఉండాలి కదా?"

"ఎందుకుండదు? పొద్దున తొమ్మిదింటికి నేనే పెట్టాను. ఒక్క రోజు మర్చిపోయానా?"

"మరి దొరగారు దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చున్నారా?"

"దొరలు సీటు చూసుకుని కూర్చుంటారా అమ్మా? దాని మీదే కూర్చున్నారు."

"గుచ్చుకోలేదా?"

"ఇంత మందపు కోటులోంచి ఏం గుచ్చుకుంటుంది?"

"అయితే ఆ కాయ ఇప్పుడెక్కడుంది?"

"దొరగారి కోటుకే ఉండుంటుంది. ఊలుకి పట్టుకుందంటే ఊడుతుందా అది?"

"ఊడదు," అంది రోజలిండ్. "ఒక్కసారి వెనక చెయ్యి పెట్టి చూసుకోండి దొరగారూ."

విల్ఫ్ చెయ్యి వెనక్కి వెళ్లింది. "అబ్బా!" అని చప్పున ముందుకొచ్చింది. వేలి మీద చిన్న రక్తపు చుక్క. క్లెమ్ వైపు చూశాడు, ఈడ్నా వైపు చూశాడు. ఇద్దరూ తలలు దించుకున్నారు. అప్పుడు నెమ్మదిగా, ఒక్కో ముల్లూ విడదీసుకుంటూ, ఆ కాయని కోటు నుంచి లాగి రోజలిండ్ ముందు కాగితం పక్కన పెట్టాడు. ఇంతసేపూ గది నిండా పరుచుకున్న మనిషి ఒక్కసారి చిన్నగా అయిపోయినట్టున్నాడు.

"ఇప్పుడు ఆ నీలం టోపీ ఆవిడ సంగతి చెప్పండి," అంది రోజలిండ్. "కథకి సంబంధం లేదన్నారే, ఆవిడ."

చెప్పాడు విల్ఫ్, అలవాటు లేని గొంతుతో, పొట్టి పొట్టి మాటల్లో.

"ఆవిడకి కళ్లు తిరిగాయి. నా స్టూలు ఇచ్చాను. అప్పుడు ఒంటిగంట. వాళ్ల బస్సు నాలుగింటికి. పాపం, లేవలేకపోయింది. నేను నిలబడ్డాను. మూడున్నర దాకా నిలబడ్డాను. ఆవిణ్ణి బస్సు దాకా తీసుకెళ్లడానికి వాళ్ల వాళ్లొచ్చారు. వాళ్లటు వెళ్లగానే మోకాళ్లు... కింద పడిపోతాననుకున్నాను. పక్కనే కుర్చీ ఉంది. కాయ సంగతే మర్చిపోయాను."

"ఇంకో స్టూలు మీద కూర్చోలేకపోయారా?"

అడిగాక గానీ తానేం అడిగిందో ఆమెకి తట్టలేదు. జవాబు ఈడ్నా చెప్పింది, ఎత్తిపొడుపుగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

"ఇంకో స్టూలు గుర్రపుశాలలో ఉందమ్మా. ఆరు వారాలుగా."

రోజలిండ్‌కి చెంపలు వేడెక్కాయి. రెండో స్టూలు ఎందుకుందని ఆమె ఒక్కరినీ అడగలేదు. ఫొటోలు చూసింది, తీసెయ్యమంది. అలిసిపోయి వచ్చినవాళ్లకి ఒకటి, కాపలాదారుకి ఒకటి అని పెట్టిన మనిషెవరో గానీ ఆమెకంటే తెలివైనవాడు.

"స్టూలు మాట రాయకండి," విల్ఫ్ గబగబా అడ్డుపడ్డాడు. "ఫొటోల్లో అడ్డంగానే ఉండేది లెండి. మీరు కొత్తగా వచ్చారు, దీంతో మీకెందుకు లేనిపోనిది? ఆస్గుడ్ కూర్చున్నాడని రాయండి. మీరడిగింది ఒక్క వాక్యమేగా."

"మరి ఇంతసేపూ ఈ మాటే ఎందుకు చెప్పలేదు మీరు? దుప్పిని తెచ్చారు, దొరని దింపారు. మిమ్మల్ని కాపాడే మాట ఇదొక్కటే ఉంటే, దీన్నే దాచారు!"

"చెబితే ఏమవుతుంది? విల్ఫ్ ఆస్గుడ్ రెండు గంటలకి మించి నిలబడలేడని తెలుస్తుంది." పెదవి బిగించాడు. "నిలబడలేనివాడికి గది ఎవరిస్తారమ్మా?"

హెస్టర్ ఎప్రాన్ అంచుతో కళ్లు ఒత్తుకుని, ఉల్లిపాయలు ఘాటుగా ఉన్నాయని ఎవరూ అడక్కుండానే చెప్పింది. గడియారం ఆరు కావడానికి అయిదు నిమిషాలు చూపిస్తోంది. రోజలిండ్ కొట్టివేతలతో నిండిన కాగితం తిరగేసి, తెల్లగా ఉన్నవైపు తల ఎత్తకుండా రాసింది. రాసి, కాగితం పట్టుకుని బారు చివర గోడకున్న ఫోన్ దగ్గరికి వెళ్లింది. ఆ లోయలో సెల్ ఫోన్లు పలకవు.

"నేను పెటిఫర్‌ని మేడమ్. చదువుతున్నాను." "కాపలాదారు తన స్టూలు ఒంట్లో బాగాలేని సందర్శకురాలికి ఇచ్చి, రెండున్నర గంటలు నిలబడి, తూలి పడబోతూ కుర్చీలో కూర్చున్నారు. గదిలో ఉండాల్సిన రెండో స్టూలు మేనేజరు ఎవరినీ అడక్కుండా తీయించింది. బాధ్యులు: రోజలిండ్ పెటిఫర్."

అవతలి గొంతు చాలాసేపు మాట్లాడింది. మాటలు వినబడలేదు గానీ కోపం పబ్బంతటికీ వినబడింది.

"అవును మేడమ్. నా పేరే... లేదు, ఆయన పేరు రాయను. ఆయన తప్పు కాదు... స్టూళ్లు రేపు పొద్దున్నే లోపలికి వచ్చేస్తాయి మేడమ్... కనబడతాయి. ఫొటోల్లో కూడా కనబడతాయి... అలాగే. మంగళవారం పదింటికి వస్తాను."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"గది మీదే," అంది విల్ఫ్‌తో. "వసంతంలో తలుపులు తెరిచేసరికి రెండు స్టూళ్లూ ఉంటాయి. ఒకదాని మీద మీరు కూర్చునే ఉండాలి. నా సంగతి మంగళవారం బోర్డు తేలుస్తుంది."

విల్ఫ్ నోరు తెరిచాడు, మాట రాలేదు. తను చూసిన పదేళ్లలో అలా జరగడం ఇదే మొదటిసారి అని తర్వాత ఈడ్నా అందరికీ చెప్పింది. హెస్టర్ అడక్కుండానే ఒక గ్లాసు నింపి రోజలిండ్ ముందు పెట్టింది. క్లెమ్ తన పళ్లెంలోని చీజ్ ముక్కా, ఊరేసిన ఉల్లిపాయా ఆమె వైపు జరిపాడు.

అంతలోనే విల్ఫ్ తేరుకున్నాడు. ఛాతీ విరుచుకున్నాడు. కళ్లలో పాత మెరుపు వచ్చేసింది.

"మంగళవారం మీరొక్కరే వెళ్లడమేంటి? నేనూ వస్తాను! మీరేమీ దిగులు పెట్టుకోకండి. అసలేం జరిగిందో బోర్డుకి మొదట్నుంచీ నేను చెబుతాను!"

"వద్దు!" అంది పబ్బంతా ఒక్క గొంతుతో.

అందరికంటే గట్టిగా అరిచింది రోజలిండ్. అరిచాక తనే నవ్వేసింది. ఆమె నవ్వడం ఆ ఊళ్లో ఎవరైనా చూడ్డం అదే మొదలు. పొయ్యి పక్కనున్న కుర్చీని కాలితో విల్ఫ్ వైపు తోసింది.

"ముందు కూర్చోండి ఆస్గుడ్ గారూ. ఇంక నిలబడింది చాలు."

విల్ఫ్ కుర్చీ వంక చూశాడు. వంగి, సీటంతా ఆ మూల నుంచి ఈ మూల దాకా అరచేత్తో తడిమి చూసుకున్నాడు. అప్పుడు కూర్చున్నాడు.